నల్లవ్వ కడుపులో నిప్పు

నాచారంలో మా పాత దారం మిల్లు గోదామును మ్యూజియం చేశారంటే మొదట నేను నమ్మలేదు. కాలిపోగా మిగిలిన ఆ ఒక్క గోదాములో ఎలుకలు తప్ప చూడదగినవి ఏమీ ఉండేవి కావు. కానీ మిల్లు లైన్లలో, అంటే కూలీల వరుస ఇళ్ళలో, పుట్టి పెరిగిన వాళ్ళందరినీ పిలుస్తున్నారని కబురు వస్తే, చిల్కానగర్ నుంచి ఆటోలో నన్ను మా మనవరాలు లావణ్య తీసుకుపోయింది. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నది కూడా అదే. నాకు సంతకం వరకే చదువు. నా మాటలను నూనె రాసి, దువ్వి, జడ వేసి పుస్తకానికి తగ్గట్టు చేస్తానంటుంది. చేయనీ. తిట్లు మాత్రం తీయొద్దని ముందే ఒట్టు వేయించుకున్నాను.

లోపల ఏసీ, కింద నున్నటి రాయి. నడుమ ఎర్రటి తాళ్ళు కట్టి, పైనుంచి లైట్లు వేసి నిలబెట్టారు దాన్ని. ఆవిరితో నడిచే నిప్పుల బండి. నిప్పును ఆర్పే బండి అనాలి కానీ, మా లైన్లలో నిప్పుల బండి అనే అనేవారు. వెనుక నిలువుగా పెద్ద బాయిలరు, దాని కింద పొయ్యి, పైన పొగ గొట్టం, ముందు నీళ్ళు తోడే పంపు, నాలుగు పెద్ద చక్రాలు. మా కాలంలో అది కాకికంటే నల్లగా ఉండేది కాబట్టి ఆడవాళ్ళు దానికి నల్లవ్వ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఎర్ర రంగు పూసి, ఇత్తడి భాగాలకు పాలిష్ కొట్టి, తొంభై ఏళ్ళ ముసలమ్మ పెదవులకు రంగు వేసినట్టు తయారు చేశారు. నేను తాడు కింద నుంచి చెయ్యి పెట్టి దాని కడుపు తడిమితే, అక్కడున్న వాచ్‌మన్ పిల్లవాడు ముట్టుకోవద్దన్నాడు. నువ్వు పుట్టక ముందు దీని నీళ్ళతోనే తలకు పోసుకున్నదాన్ని అని చెప్పాను. అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, బోర్డు చూపించాడు. బోర్డు మీద ఏముందో లావణ్య చదివి వినిపించింది. అప్పటి మేనేజరు ముందుచూపు వల్ల ఈ యంత్రం ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండేదట, ఒక ఘోరమైన అగ్నిప్రమాదంలో కార్మికుల ఇళ్ళను కాపాడిందట. నాకు నవ్వు ఆగలేదు. ఆ మేనేజరు ముందుచూపు ఎంతదంటే, ముక్కుపొడి డబ్బా ఏ జేబులో ఉందో కూడా ఆయనకు తెలిసేది కాదు.

తరువాత ఒకాయన మైకులో మాట్లాడాడు. మాట్లాడటం అయిపోయాక, యంత్రానికి పసుపు కుంకుమ పెట్టే పాత ఆచారం ఉంది కాబట్టి ముత్తయిదువలు ముందుకు రావాలని పిలిచాడు. పట్టుచీర కట్టుకున్న పిల్ల పళ్ళెం పట్టుకుని వరుసగా వచ్చింది, నా దగ్గరికి రాగానే పళ్ళెం కొంచెం పైకెత్తి, నా తల మీదుగా పక్కామెకు చాపింది. బాగా నేర్పారు దానికి. వంగి, నవ్వి, నన్ను దాటింది. మా ఆయన పోయినప్పటి నుంచి పళ్ళేలు నన్ను దాటడం నాకు కొత్త కాదు. కానీ నల్లవ్వ ముందర దాటితే ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ బండి కడుపులో నిప్పు వేసింది ఎవరో నాకు తెలుసు. ఆ బోర్డు మీద ఆమె లేదు. ఆమెను చూసినవాళ్ళలో ఇంకా ఊపిరి పీలుస్తున్నది నేనొక్కదాన్నే అనుకుంటా. నేను కూడా పోతే ఇక మేనేజరు ముందుచూపే మిగులుతుంది. అందుకే చెబుతున్నాను.

మా నాయన మల్లయ్య ఆ బండికి మేస్త్రి. మేస్త్రి అని ఆయనే చెప్పుకునేవాడు, మిల్లు వాళ్ళ లెక్కలో బొగ్గు వేసే మనిషి. మీసానికి ఆముదం రాసి, ఖాకీ నిక్కరు వేసుకుని, బండి ముందర నిలబడితే బండి ఆయనకు కట్నంగా వచ్చినట్టుండేది. అది ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవారు. సికింద్రాబాద్ పటాలం వాళ్ళు పారేస్తే తెచ్చారని ఒకరు, ఏదో దివాణంలో వేలం పాడారని ఒకరు. నా చిన్నతనానికే అది ముసలిది. మంటలు ఆర్పే కొత్త మోటారు బండ్లు పట్నంలో తిరుగుతున్నాయి. కానీ మిల్లు పెట్టిన పెద్ద దొర ఒక కట్టడి చేసి చచ్చిపోయాడు. మిల్లంతా పత్తి కాబట్టి, ఎప్పుడు అంటుకున్నా ఆవిరి తొందరగా లేచేటట్టు బాయిలరులో నీళ్ళు రాత్రింబగళ్ళు వేడిగా ఉండాలి, పొయ్యిలో సన్నటి నిప్పు ఆరకూడదు. నాయన ఆ నిప్పును చంటిపిల్లలా సాకాడు. మిల్లులో ఏళ్ళ తరబడి మంట రాలేదు. మరి వేడి నీళ్ళు ఏం కావాలి? మా లైన్ల ఆడవాళ్ళ తలల మీద పడ్డాయి.

పొద్దున సైరను కంటే ముందే మా ఇల్లు లేచేది. నాయన పొయ్యి గెలికి బూడిద తీస్తే, ఆ బూడిదతో అమ్మ గిన్నెలు తోమేది. బొగ్గు పొడితో నాయనమ్మ పండ్లు తోముకుని, అదే నోటితో చుట్ట వెలిగించేది. బండి పొయ్యి తలుపు మీద నాయన జొన్నరొట్టె వేడి చేసుకునేవాడు, ఉల్లిగడ్డలు కాల్చుకునేవాడు. బొగ్గు పొగ, కుంకుడు నురగ, చింతపండుతో తోమిన ఇత్తడి వాసన, ఈ మూడూ కలిస్తే మా నాచారం లైన్లు. ఇంకొకటి కూడా ఉండేది, తుప్పు. ఆ బాయిలరు నీళ్ళు పోసుకుని పోసుకుని మా ఆడపిల్లలందరి జుట్టూ రాగి తీగల్లా ఎర్రబడింది. చెంగిచెర్ల నుంచి సంబంధం చూసేందుకు వచ్చినవాళ్ళు పిల్ల తల చూసి, ఇది నాచారం మిల్లు లైన్ల పిల్ల అని దూరం నుంచే పట్టుకునేవారు. ఇప్పుడు అదే రంగు కోసం నా మనవరాళ్ళు బ్యూటీ పార్లర్లో గంటల తరబడి కూర్చుంటున్నారు.

బాయిలరు కింద ఒక కుళాయి ఉండేది. దాని దగ్గర ముక్కాలి పీట వేసుకుని మా అమ్మ కూర్చునేది. రేషను దుకాణం పెట్టిన డీలరు కూడా అంత బిర్రుగా కూర్చోడు. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది అమ్మ నోటి మాట. ముందు బాలింతలకు, తరువాత మేస్త్రీల పెండ్లాలకు, ఆ తరువాత కూలీల పెండ్లాలకు, ఆ తరువాత పెళ్ళికాని పిల్లలకు. అమ్మతో పొద్దున మాట తేడా వచ్చిన మనిషికి ఆ రోజు చల్లనీళ్ళే గతి. లైన్ల ఆడవాళ్ళు మా అమ్మకు కూరలు తెచ్చి ఇచ్చేవారు, తల చూసేవారు, మా నాయనమ్మ చుట్టలకు ఆకు కూడా తెచ్చేవారు. అందరూ అయిపోయాక, అడుగున గోరువెచ్చటి బురద నీళ్ళు మిగిలితే, అవి ఎల్లవ్వకు.

ఎల్లవ్వ మిల్లు గేటు పక్కన గోడకు ఆనుకుని, ఇనుప గమేళాలో నిప్పులు పోసుకుని మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముకునేది. మొగుడు మిల్లులోనే పనిచేస్తూ చచ్చిపోయాడు. పిల్లలు లేరు. ఆమె వయసెంతో ఎవరూ అడగలేదు. ముండమోపి ఎదురైతే పని చెడుతుందని మా నాయనమ్మ మాకు మాట వచ్చినప్పటి నుంచి నేర్పింది. అందుకని సైరను మోగాక కూలీలంతా గేటులోకి వెళ్ళేదాకా ఎల్లవ్వ గోడ వైపు తిరిగి కూర్చునేది. సాయంత్రం షిఫ్టు వదిలాక మాత్రం అందరూ ఆమె దగ్గరే కంకులు కొనేవారు. పనికి పోయేటప్పుడు పనికిరాని ముఖం, ఆకలైనప్పుడు పనికొచ్చేది. అన్నేళ్ళు ఆమెను రోజూ చూసి కూడా ఆమె ముఖం నాకు సరిగ్గా గుర్తు లేదు. చూడొద్దన్నారు కదా. చేతులు గుర్తున్నాయి. వేళ్ళ కొనలు కాలి, నల్లగా, బొగ్గు ముక్కల్లా ఉండేవి.

అప్పుడు కొత్త మేనేజరు వచ్చాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, ముక్కుపొడి. సిగరెట్టు ముట్టడు, దానికి బదులు తుమ్ముతాడు. వచ్చీరాగానే మిల్లంతా తిరిగి, నల్లవ్వ దగ్గర ఆగి, ఎక్కడా మంట లేనప్పుడు ఈ మంట ఎందుకు అని అడిగాడు. నాయన వినయంగా పెద్ద దొర కట్టడి గురించి చెప్పాడు. పెద్ద దొర పోయాడు కదా అన్నాడాయన. నిప్పు ఆర్పించాడు, బాయిలరు నీళ్ళు వదిలించాడు, బండిని గీకించి, తోమించి, వచ్చే పోయే పెద్దమనుషులు చూసేటట్టు గేటు లోపల నిలబెట్టించాడు. అదే మ్యూజియం వాళ్ళు రాసిన ముందుచూపు. నాయన ఇంటికి వచ్చి మీసం కిందికి దించుకుని కూర్చున్నాడు. అమ్మకు బండి సంగతి పట్టలేదు, ఆమె పీట పోయింది. మరునాటి నుంచి ఒక్క వంకాయ ముక్క మా గడప తొక్కలేదు. సరిగ్గా అప్పుడే మా అక్క పురుటికి వచ్చి ఉంది. మగపిల్లవాణ్ణి కన్నది. బాలింతకు నీళ్ళు కాచాలంటే ఇంట్లో కట్టెలు చాలేవి కావు. నాయనమ్మ పొయ్యి ముందు కూర్చుని, మేనేజరు వంశం మొత్తాన్ని పేరు పేరునా అడ్డంగా నిలువుగా తిట్టేది.

ఆ ఏడు శ్రావణంలో వానలు ముఖం చాటేశాయి. మా లైన్ల ఇళ్ళకు గడ్డి కప్పులు, ఎండి గలగలమంటున్నాయి. మా ఇల్లు లైను చివరిది, పత్తి గోదాముకు అన్నిటికంటే దగ్గర. శుక్రవారం సాయంత్రం, ఆడవాళ్ళు దీపాలు పెడుతున్న పొద్దు. నేను గడపలో కూర్చుని అక్క కొడుకును ఒళ్ళో వేసుకుని ఊపుతున్నాను. గోదాము కిటికీలోంచి ముందు తెల్లటి పొగ, తరువాత పచ్చటి పొగ వచ్చింది. ఎలా అంటుకుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కరెంటు వైరని ఒకరన్నారు, బీడీ అని ఒకరన్నారు. కళ్ళు మూసి తెరిచేలోగా కప్పు రేకులు ఎగిరాయి. కాలుతున్న పత్తి కుచ్చులు గాలికి లేచి మా లైన్ల మీదికి రావడం మొదలుపెట్టాయి.

నాయన పరుగెత్తి బండి దగ్గరికి పోయాడు. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి బాయిలరు నింపారు. నీళ్ళు పోయడానికి శుక్రవారం ఎవరికీ అడ్డం రాలేదు. మగవాళ్ళు పంపు గొట్టాన్ని నీళ్ళ తొట్టిలో వేశారు. పొయ్యిలో చెక్కపేళ్ళు, బొగ్గు పేర్చారు. అన్నీ ఉన్నాయి, నిప్పు లేదు. పత్తి మిల్లు కదా, గేటు దగ్గరే అందరి అగ్గిపెట్టెలు, బీడీలు గుంజుకుని ఒక పెట్టెలో వేసి తాళం పెట్టేవారు. తాళంచెవి ఉన్న కాపలావాడు డ్యూటీ దిగి ఉప్పల్ వైపు పోయాడు. వెనుక గోదాము భగభగ మండుతుంటే, ముందర మా నాయన ఎవరి దగ్గరైనా ఒక్క అగ్గిపుల్ల ఉందా అని అడుక్కుంటున్నాడు. మంటను ఆర్పాలంటే ముందు మంట పెట్టాలి, ఆ బండి పద్ధతి అంతే.

మేనేజరు తుమ్ముతూ వచ్చి, కళ్ళు కనిపించడం లేదా, అంత నిప్పు అక్కడ ఉంటే ఇంకో నిప్పు ఎందుకు, అక్కడినుంచే ఒక కట్టె అంటించుకురమ్మన్నాడు. ఆయన జీవితంలో చెప్పిన తెలివైన మాట అదొక్కటే, దాన్ని మావాళ్ళు వినలేదు. నాయన బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"కొంపలు గాల్చిన అగ్గి, కాట్ల పీనుగును గాల్చే అగ్గి అసోంటిది దొరా. గది తెచ్చి నల్లవ్వ కడుపుల పెడ్తే, ఇది గూడ గాల్చుడే నేర్సుకుంటది" అన్నాడు.

మిగతా మేస్త్రీలు కూడా తలలూపారు. చచ్చినా ఆ నిప్పు ముట్టమన్నారు. చావు ఎంత దూరంలో ఉందో అప్పటికే అందరికీ వేడి తగులుతున్నది. మేనేజరు నోరు తెరిచి, తుమ్ము కూడా మరిచిపోయి నిలబడ్డాడు. మంచి నిప్పు కావాలి, అంటే ఇంటి పొయ్యి నిప్పు. నాయన లైన్లలోకి పరుగెత్తుకొచ్చాడు. మొదట వచ్చింది సొంత ఇంటికే. మా పొయ్యిలో నిప్పులు కణకణలాడుతున్నాయి, అక్క నీళ్ళ కోసం రాజేసినవి. నాయనమ్మ పొయ్యికి అడ్డంగా కూర్చుంది.

"శ్రావణ శుక్రారం, దీపాల పొద్దు. పైంగ బాలింత ఉన్న ఇల్లు. అగ్గి గడప దాటితే దాని ఎంబడి లచ్చిమి దాటుతది. నా కడుపున పుట్టినోనివే గని, ఇయ్య" అంది.

"ఇల్లే గాలుతాంది అవ్వా, లచ్చిమి యాడుంటది?" అని నాయన ఏడ్పుగొంతుతో అడిగాడు.

"గాలితే గాలనీ. ఇచ్చినమన్న పేరైతె రాదు" అంది నాయనమ్మ.

ఇది మా ఒక్క ఇంటి బుద్ధి అనుకోకండి. నాయన లైను పొడుగునా తలుపులు తట్టాడు. ఒకామె పొయ్యి చల్లారిపోయిందని చెప్పింది, ఆమె కప్పు మీద నుంచి పొగ పోతూనే ఉంది. ఒకామె పూజలో ఉన్నానని లోపలినుంచి గంట కొట్టి వినిపించింది. అగ్గిపెట్టె ఇమ్మంటే, అగ్గిపెట్టె ఇచ్చినా అగ్గి ఇచ్చినట్టే కదా అని పెద్ద మేస్త్రి పెండ్లాం ధర్మం చెప్పింది. అందరిదీ భయమే. అందరి పిల్లలూ ఆ గడ్డి కప్పుల కిందే ఉన్నారు. ఎవరో ఒకరు ఇవ్వాలని అందరికీ తెలుసు, ఆ ఒకరు పక్కింటామె కావాలని అందరి కోరిక. ఇటు మా ఇంట్లో ఇంకో రామాయణం. అక్కను బయటికి తీసుకుపోదామని అమ్మ లేపితే, పురుటి స్నానం కాని బాలింత దీపాల వేళ గడప దాటితే గాలి సోకుతుందని నాయనమ్మ చేతులు చాపి తలుపుకు అడ్డం నిలబడింది. నిప్పునూ పోనీయదు, మనిషినీ పోనీయదు. అక్క గోడ పట్టుకుని నిలబడింది. పిల్లవాణ్ణి కొంగులో చుట్టుకుని నేను అటూ ఇటూ చూస్తున్నాను.

నేనున్న చోటి నుంచి గేటు గోడ కనిపించేది. గోడ కింద ఎల్లవ్వ గమేళా ఎర్రగా వెలుగుతున్నది. షిఫ్టు వదిలే పొద్దు కాబట్టి నిండుగా నిప్పులు పోసుకుంది. నాయన లైన్లలోకి వచ్చేటప్పుడూ, పోయేటప్పుడూ ఆమె ముందు నుంచే పోయాడు, ముఖం పక్కకు తిప్పుకుని. నిప్పు కోసం పిచ్చివాడిలా తిరుగుతున్న మనిషి, కాలికి వేడి తగిలేటంత దగ్గర నుంచి పోయి కూడా ఆ నిప్పు చూడలేదు. ఆమెను చూడకూడదు కాబట్టి ఆమె ముందున్నదీ కనిపించలేదు. అడిగితే ఇస్తుందని ఆయనకు తెలుసు. అడగడమంటే ఆమె ముఖం చూసి పని మొదలుపెట్టడం.

చివరికి ఎల్లవ్వే లేచింది. చీర కొంగు చేతులకు చుట్టుకుని, గమేళా ఎత్తుకుని బండి దగ్గరికి నడిచింది. మగవాళ్ళు దారి ఇచ్చారు. మర్యాదకు కాదు, తగులుతుందని. నాయన రెండు అడుగులు వెనక్కి వేశాడు.

"నా మొకం సూస్తె నీకు గండమైతే కండ్లు మూస్కో మల్లయ్యా. అగ్గి నేనే ఏస్త" అంది.

"ఎల్లవ్వా, శుక్రారం..." అని నాయన నసిగాడు.

"శుక్రారం లచ్చిమి మీ ఇండ్లల్లనే ఉండనియ్యి. నా ఇంట్లది ఎన్నడో పాయె. ఇంక పొయ్యేదేమున్నది?"

గమేళాను అలాగే పొయ్యిలోకి తోసేసింది, నిప్పులతో, కంకులతో సహా. చెక్కపేళ్ళు అంటుకున్నాయి. కాలిన మొక్కజొన్న వాసన లైన్లన్నీ కమ్ముకుంది. నాయన నిజంగానే కళ్ళు మూసుకుని ఉన్నాడు. మంట చిటపటలు విన్నాక తెరిచి, బొగ్గు మీద బొగ్గు వేశాడు.

చల్లనీళ్ళు కదా, ఆవిరి తొందరగా లేవలేదు. కాలుతున్న పత్తి కుచ్చు ఒకటి తేలుకుంటూ వచ్చి మా కప్పు మీద వాలింది. గడ్డి చిన్నగా నవ్వినట్టు చిటపటమంది. లోపలికి పొగ దిగింది. అప్పుడు చూడాలి మా నాయనమ్మను. గాలి సోకుతుందని తలుపుకు అడ్డం నిలబడ్డ మనిషి, నా చేతుల్లోంచి పిల్లవాణ్ణి గుంజుకుని అందరికంటే ముందు గడప దాటి, మెట్టుకు తగిలి కాలు మడతపడినా ఆగకుండా పరుగెత్తింది. బాలింతను అమ్మా నేనూ మోసుకొచ్చాము. అంతలో నల్లవ్వ ఒక్క కూత కూసింది. నాయన గొట్టం పట్టుకుంటే నీళ్ళు వచ్చిన ఊపుకు చెయ్యి తిరిగి, మొదటి ధార పోయి మేనేజరు ఛాతీకి తగిలింది. ఆయన తెల్ల ప్యాంటుతో కూలబడి, బురదలో జారుకుంటూ పోయాడు. రెండో ధార మా కప్పు మీద పడింది. గోదాము దక్కలేదు, నడిరాత్రికి కూలిపోయింది. లైన్లు దక్కాయి. అక్క దక్కింది. ఆ పిల్లవాడు ఇప్పుడు నాగారంలో ఇల్లు కట్టుకుని, షుగరు మాత్రలు వేసుకుంటూ, ఈ కథ చెబితే ఫోను చూసుకుంటాడు.

మరునాడు పొద్దున ఆడవాళ్ళంతా తలంటు పోసుకుని పసుపు కుంకుమలతో నల్లవ్వ దగ్గరికి వచ్చారు. నిన్న పొయ్యి చల్లారిపోయిందన్నామె, పూజ గంట కొట్టినామె, ధర్మం చెప్పినామె, అందరికంటే ముందు మా నాయనమ్మ, కుంటుకుంటూ. బాయిలరుకు బొట్లు పెట్టారు, చక్రాలకు బొట్లు పెట్టారు. నాయన పొయ్యిలోంచి తీసి పక్కన పెట్టిన గమేళాకు కూడా, అది బండి సామానే అనుకుని, పసుపు పూసి చుట్టూ బొట్లు పెట్టారు. ఎల్లవ్వ దూరంగా నిలబడింది. పూజ అయిందాకా ఇటు రావొద్దని నాయనమ్మ చేత్తోనే సైగ చేసింది. ఆమె అక్కడే ఆగింది. కొబ్బరికాయ కొట్టారు, అందరూ పంచుకున్నారు. అప్పుడు ఎల్లవ్వ ఇటు వచ్చింది.

"నా గమేళా ఇస్తె పోత. కంకులు గాల్సుకోవాలె" అంది.

బొట్లు పెట్టిన వస్తువును ముండమోపి చేతికి ఎలా ఇవ్వాలని ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఎత్తి ఇవ్వలేదు. ఎల్లవ్వ వంగి తనే తీసుకుంది. కొంగుతో పసుపూ కుంకుమా తుడిచేసింది. కోపంగా కాదు, మసి తుడిచినట్టు, తాపీగా తుడిచింది. తుడిచి, చంకన పెట్టుకుని గోడ దగ్గరికి పోయింది. మేనేజరు మళ్ళీ నిప్పు ఉంచడానికి ఒప్పుకున్నాడు. అమ్మ మళ్ళీ పీట వేసుకుంది, వంకాయలు మళ్ళీ వచ్చాయి. ఎల్లవ్వకు మళ్ళీ అడుగు నీళ్ళే. నేను పెద్దయి పెళ్ళి చేసుకుని పోయాక చాలా ఏళ్ళకు మిల్లు మూతపడింది. ఎందుకు మూతపడిందో మావాళ్ళను అడగండి. అన్నదమ్ముల తగాదాలు, పాత మిషన్లు, ఇవేవీ చెప్పరు. ఆ శుక్రవారం ముండమోపి నిప్పు ఇచ్చింది కాబట్టి మిల్లు లక్ష్మి వెళ్ళిపోయిందని చెబుతారు. మిల్లు మూతపడ్డప్పుడు కూడా, ఆ నిప్పుతో దక్కిన ఇళ్ళలో కూర్చుని ఇదే చెప్పారు. అప్పటికి ఎల్లవ్వ చచ్చిపోయి ఎంత కాలమైందో కూడా ఎవరికీ తెలియదు.

అదంతా ఆ కాలం, చదువులేని కాలం అని లావణ్య రాస్తూ రాస్తూ అంటున్నది. ఈ కాలం సంగతి కూడా రాయి మరి. మా ఆయన పోయాక చిల్కానగర్‌లో మా కింది పోర్షన్లో నేను ఒక్కదాన్నే ఉంటున్నాను. పై పోర్షన్ వాళ్ళు, పక్క ఇంటి వాళ్ళు అంతా చదువుకున్నవాళ్ళే. శుభకార్యాలకు నన్ను పిలవరు, అన్నం మాత్రం స్టీలు డబ్బాలో పంపిస్తారు. కానీ శుక్రవారం సాయంత్రమైతే నా ఇల్లు కిరాణా దుకాణం. ఉప్పు అయిపోయిందని ఒకరు, పెరుగు తోడు లేదని ఒకరు. మిగతా ఇళ్ళలో శుక్రవారం ఉప్పూ తోడూ బయటికి ఇవ్వరు, లక్ష్మి పోతుంది. నా ఇంట్లో అడగవచ్చు, నా ఇంట్లో పోవడానికి ఏముంది? ఈ లెక్క నాకు చాలా రోజులు తట్టలేదు. మంచి మనిషినని వస్తున్నారనుకున్నాను. ఎంత మురిసిపోయానో చెబితే సిగ్గు. తోడు కోసం రోజూ ఒక గిన్నెడు పెరుగు ఎక్కువ తోడేసేదాన్ని కూడా.

మ్యూజియం నుంచి వచ్చిన వారమే, శుక్రవారం దీపాలప్పుడు, పై పోర్షన్ కోడలు చిన్న గిన్నె పట్టుకుని దిగింది. కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది, మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతున్నది. మంచి పిల్లే, నవ్వుతూ తోడు అడిగింది. నేను గిన్నె వైపు చేయి చాపబోయి ఆగాను. ఎల్లవ్వ గుర్తొచ్చింది. ఆమె ఇచ్చింది, నిజమే. గడ్డి కప్పులు అంటుకుంటున్నాయి, వాటి కింద పసిపిల్లలున్నారు, ఇవ్వక ఏం చేస్తుంది? ఇక్కడ కాలుతున్నది ఏమీ లేదు. పాలు తోడుకోకపోతే వీధి చివర దుకాణంలో ప్యాకెట్ దొరుకుతుంది.

"ఇయ్యాల ఇయ్య బిడ్డా" అన్నాను. "శుక్రారం గద. లచ్చిమి ఉన్న ఇల్లు."

ఆ పిల్లకు నేను పరాచికమాడుతున్నానో, నిజంగా అంటున్నానో తెలియలేదు. నా ఖాళీ నొసలు చూసింది, నా వెనుక ఉన్న ఇంట్లోకి చూసింది.

"మీ ఇంట్లనా అవ్వా?" అని అడిగింది.

"మా ఇంట్లనే" అన్నాను.